స్ప్రే డబ్బా వెనుక కథ: ఇనుము మీద రంగు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు ఊడుతుంది



పనులు తగ్గి పనిముట్లు షెడ్డులోకి చేరగానే మనలో చాలామంది బజారు నుంచి రెండు స్ప్రే డబ్బాలు తెచ్చి కల్టివేటర్ ఫ్రేముకో, స్టార్టర్ డబ్బాకో, పవర్ స్ప్రేయర్ స్టాండుకో కొట్టేస్తుంటారు. ఆ రోజుకి పెళ్లికొడుకులా మెరుస్తుంది. మళ్లీ ఏరువాక నాటికి పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. వెంటనే "డబ్బా నకిలీది" అంటాం. నకిలీ సరుకు లేదని నేను అనను. కానీ ఎక్కువసార్లు అసలు సంగతి వేరే. ఇనుము మీద రంగు నిలబెట్టడమంటే మూడు పనులు: ఇనుము రంగును పట్టుకునేలా చేయడం, తుప్పును ఆపే పూత వేయడం, పైన రంగు వేయడం. మనుషులు ఈ మూడూ వేరువేరు చోట్ల, వేరువేరు కాలాల్లో నేర్చుకున్నారు. స్ప్రే డబ్బా వీటిలో చివరిది మాత్రమే చేస్తుంది. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు తుప్పు గురించి. ఇనుముకి నీళ్లు, గాలిలోని ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా వేగం. డీఏపీ, పొటాష్ లాంటి ఎరువులు లవణాలే కాబట్టి ఎరువు బస్తాలు మోసిన ట్రాలీ అడుగు ముందుగా పోతుంది. ఇంకో సంగతి, తుప్పుగా మారినప్పుడు ఇనుము ఉబ్బుతుంది. రంగు కింద చిన్న తుప్పు మచ్చ మిగిలిందంటే అది లోపల పెరిగి రంగును పైకి లేపుతుంది. పొక్కు అట్లా వస్తుంది.

మన పెద్దలు కొడవలికి, గొడ్డలికి నూనె రాసి పెట్టేవాళ్లు. నూనె నీళ్లను ఆపుతుంది, కానీ చెయ్యి తగిలితే తుడుచుకుపోతుంది. అవిసె నూనె అట్లా కాదు. అది గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని పొరలాగా గట్టిపడుతుంది. యూరప్‌లో రంగులన్నీ చాలాకాలం దాని మీదే నడిచాయి. ఆ నూనెలో సీసపు సిందూరం కలిపి పూస్తే ఇనుము తుప్పు పట్టకుండా ఎక్కువకాలం ఉంటుందని తెలుసుకున్నారు. సంప్రదాయంగా ఆంజనేయస్వామికి పూసే సిందూరం అదే. సీసం, నూనె కలిసి ఒక రకం సబ్బులాంటి పదార్థం తయారై తుప్పును ఆపుతుంది. 19వ శతాబ్దంలో పెద్ద పెద్ద ఇనుప వంతెనలకు అడుగుపూతగా అదే వేశారు. ప్రైమర్ అనే ఆలోచన అట్లా గట్టిపడింది.

పారిస్‌లో 1889లో తెరిచిన ఐఫిల్ టవర్‌ను చూడండి. సుమారు ఏడేళ్లకోసారి దానికి రంగు వేస్తారు, ఒక్కో విడత దాదాపు 60 టన్నుల రంగు పడుతుంది. లేచిన పాత రంగును, తుప్పును ముందు గీకి, తర్వాత మనుషులు తాళ్లు కట్టుకుని బ్రష్షుతోనే పూస్తారు. అంత గొప్ప కట్టడానికీ గీకుడు తప్పలేదు.

అయితే సీసం విషం. పిల్లల మెదడుకు మరీ చేటు. మన దేశంలో 2016లో నిబంధనలు తెచ్చి, ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబర్ నుంచి అమలుచేశారు. ఇప్పుడు బజార్లో దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ చూడటానికి సిందూరం లాగే ఉంటుంది గానీ అది ఇనుప ఆక్సైడ్. ఒట్టి రెడ్ ఆక్సైడ్ అడ్డుగోడ మాత్రమే, సీసం చేసిన పని అది చేయదు. ఆ పని కోసం ఇప్పుడు జింక్ ఫాస్ఫేట్ కలుపుతున్నారు. కొనేటప్పుడు డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

ఫాస్ఫేట్ అన్నాం కదా, మూడు పనుల్లో మొదటి పని కథ దాంట్లోనే ఉంది. ఢిల్లీలో కుతుబ్ మినార్ పక్కన ఉన్న ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడే ఉంది. 7 మీటర్ల పైన ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు. ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం దాన్ని ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పిందేమిటంటే, ఆ ఇనుములో భాస్వరం ఇప్పటి ఉక్కులో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, దానివల్ల పైన పలచని ఫాస్ఫేట్ పొర ఏర్పడి కాపాడుతోంది అని. మన కమ్మరుల చేతిలో అది ఇనుము కరిగించిన తీరువల్లే వచ్చింది. 1906లో ఇంగ్లండ్‌లో థామస్ కాస్లెట్ అనే ఆయన ఇనుమును వేడి ఫాస్ఫారిక్ యాసిడ్ ద్రావణంలో ముంచి అలాంటి పొరనే తెప్పించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ పొర గరుకుగా ఉండి రంగును గట్టిగా పట్టుకుంటుంది. నేటికీ కార్ల ఫ్యాక్టరీల్లో రంగుకు ముందు ఫాస్ఫేట్ స్నానం చేయిస్తారు. బజార్లో తుప్పు తీసే మందు పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో ఉండేదీ ఫాస్ఫారిక్ యాసిడే. భాస్వరమే కదా అని డీఏపీ నీళ్లు రుద్దేరు, అది తుప్పును పెంచుతుంది.

ఇక చిమ్మే కథ. ఇది మనకు దగ్గరి చుట్టం. 1880ల్లో ఫ్రాన్స్‌లో ద్రాక్ష తోటలకు బూజు తెగులు వచ్చి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కనిపెట్టారు. దాన్ని కొట్టడానికి వీపున మోసే స్ప్రేయర్లు వచ్చాయి. దాదాపు అదే కాలంలో అమెరికాలో చికాగోలోని ఒక పెద్ద దుకాణంలో పనిచేసే జోసెఫ్ బింక్స్, గోడలకు సున్నం చిమ్మే పంపు చేశాడు. టోలెడో ఊళ్లో అలెన్ డివిల్బిస్ అనే గొంతు డాక్టరు, రోగుల గొంతులో మందు తుంపరగా పడటానికి చిన్న పరికరం చేశాడు. తర్వాత ఆయన కొడుకు ఆ సూత్రంతోనే రంగు కొట్టే గన్ను తయారుచేశాడు.

గన్ను వచ్చినా నూనె రంగు ఆరడానికి రోజులు పట్టేది. ఒక కారుకు రంగు పూర్తవడానికి వారాలు పట్టేది. 1923లో డ్యూపాంట్ వాళ్ల డ్యూకో రంగు జనరల్ మోటార్స్ కార్లకు ఎక్కింది. అది నైట్రోసెల్యులోజ్ రంగు, అంటే పత్తిని నైట్రిక్ యాసిడ్‌తో మార్చి చేసిన పదార్థం. థిన్నర్ ఎగిరిపోగానే ఆరిపోతుంది. అక్కడే ఒక చిక్కు ఉంది. ఆ ఘాటు థిన్నర్ కింద ఉన్న నూనె రంగును, ఎనామిల్‌ను ముడతలు పడేట్టు లేపేస్తుంది. పాత రంగు మీద కొత్త డబ్బా కొట్టగానే ముడతలు వస్తే కారణం చాలావరకు ఇదే. ముందు ఎక్కడైనా మూలన చిన్న జాగాలో కొట్టి చూసుకోవాలి.

డబ్బా సంగతికొస్తే, నార్వే ఇంజనీరు ఎరిక్ రోథీమ్ 1920ల్లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని ఆచరణలోకి తెచ్చింది అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గుడ్‌హ్యూ, సల్లివన్. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను మలేరియా దోమల నుంచి కాపాడటానికి పురుగుమందు డబ్బా చేశారు. 1949లో ఇల్లినాయ్‌లో ఎడ్వర్డ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి తన అల్యూమినియం రంగును చూపించడానికి తేలిక మార్గం వెతుకుతుంటే, ఆయన భార్య బానీ ఆ రంగును కూడా అట్లాంటి డబ్బాలో పెట్టమని చెప్పిందట. స్ప్రే పెయింట్ డబ్బా అట్లా పుట్టింది.

అంటే ఇది సులువు కోసం పుట్టిన వస్తువు. సన్నని నాజిల్‌లోంచి రావాలి కాబట్టి రంగును బాగా పలచన చేస్తారు. మనం కొట్టిన దానిలో చాలా భాగం గాలిలో కలిసిపోతుంది, మిగిలేది పలచని పొర. ఒక్క పూతతో పని కాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన పని వరసగా చెప్తాను.

ముందు గ్రీజు, మట్టి సబ్బు నీళ్లతో కడగండి. జిడ్డు పోకముందే రుద్దితే జిడ్డు అంతటా పాకుతుంది. ఆరాక లేచిన రంగును, తుప్పును వైర్ బ్రష్షుతో, ఉప్పుకాగితంతో తీయండి. గట్టిగా ఉన్న పాత రంగునూ మెరుపు పోయేదాకా గరుకు చేయండి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ మందు, చేతులకు గ్లవ్స్ వేసుకుని, దాని మీద రాసిన ప్రకారం వాడండి. బాగా ఆరాక థిన్నర్ గుడ్డతో తుడిచి, ఇక ఒట్టి చేత్తో ముట్టకండి. అదే రోజు ప్రైమర్ పడాలి. శుభ్రమైన ఇనుముకు రాత్రి మంచుకే మళ్లీ తుప్పు పడుతుంది. జింక్ పూత ఉన్న రేకుకు మామూలు ఎనామిల్ నిలవదు, దానికి వేరే ప్రైమర్ అడిగి తీసుకోండి.

డబ్బాను లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి. జానెడు నుంచి అడుగు దూరంలో, వస్తువు అంచు బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ, మూడు నాలుగు పలచని పూతలు వేయండి. ఎండలో కాలిన ఇనుము మీద, ముసురులో వద్దు. మూలలు, వెల్డింగ్ అతుకులు, అంచులకు ఒక పూత అదనంగా పడాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే. పూతకూ పూతకూ ఎంత ఆగాలో డబ్బా మీద ఉంటుంది, దాన్ని అతిక్రమిస్తే ముడతలే. చేతికి ఆరినట్టు అనిపించినా వారం దాకా బరువు పెట్టకండి. మట్టిలో దిగే కర్రులకు మాత్రం రంగు దండగ, వాటికి గ్రీజే మేలు.

ఆరుబయట కొట్టండి, దగ్గర్లో బీడీ, పొయ్యి, వెల్డింగ్ ఉండకూడదు. డబ్బాలో ఇప్పుడు తోసేది మంట అంటుకునే గ్యాసు. ఎప్పటిదో తెలియని పాత రంగును పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. హార్డెనర్ కలిపే రెండు డబ్బాల రంగు గట్టిదే గానీ అందులో ఐసోసైనేట్ ఉంటుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అది తగిన ఏర్పాటు ఉన్న షాపు వాళ్లకే వదిలేయండి.

డబ్బా ఖరీదు కొద్దిపాటిదే, ఫ్రేము ఖరీదు మాత్రం మన ఒక పంట మిగులు. సగం రోజు రుద్దుడికి, ఒక ప్రైమర్‌కు వెనకాడకండి. మీరు ఏ పనిముట్టుకు ఎట్లా వేశారో, ఎన్ని వానలు నిలిచిందో కింద రాయండి, అందరికీ పనికొస్తుంది.