నూనె కారని యంత్రం: రెండు శతాబ్దాల అన్వేషణ

పాతబడిన కారును రాత్రంతా ఒకచోట నిలిపి ఉంచితే, తెల్లవారేసరికి దాని ముందుభాగం క్రింద ఎర్రని నూనె మరక ఒక్కొక్కప్పుడు కనిపిస్తుంది. స్టీరింగు చక్రం త్రిప్పబోతే బరువుగా ఉంటుంది. ఇంజను వైపునుండి మూలుగువంటి ధ్వని వస్తుంది. పవర్ స్టీరింగులోని నూనె కారిపోతున్నదనడానికి ఇవి గుర్తులు. చూడటానికి ఇది చిన్న లోపమే. కాని కదిలే రెండు లోహభాగాల మధ్య, గొప్ప పీడనంలో ఉన్న ద్రవాన్ని బయటికి పోకుండా బంధించడం ఎట్లు అన్న ప్రశ్న చిన్నది కాదు. రెండువందల సంవత్సరాలకు పైగా ఇంజనీర్లను వేధించిన ప్రశ్న అది.

బ్రామా యంత్రం – తోలు కట్టు

మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకు సమానంగా ప్రసరిస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించాడు. ఆయన గ్రంథం మరణానంతరం 1663లో వెలువడింది. చిన్న ముషలకంపై కొద్ది బలం ప్రయోగించి, పెద్ద ముషలకం వద్ద ఎన్నో రెట్ల బలం పొందవచ్చునని ఈ సూత్రం చెబుతుంది. సూత్రం తెలిసినా, దానిని అనుసరించి పనిచేసే యంత్రం రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది. 1795లో జోసెఫ్ బ్రామా అనే ఆంగ్లేయుడు జలపీడన యంత్రానికి పేటెంటు పొందాడు.

ఆ యంత్రంలో చిక్కంతా ఒకేచోట ఉన్నది. ముషలకానికి, స్తూపానికి మధ్యనున్న సందును వదులుగా కప్పితే నీరు చిమ్ముతుంది. బిగించి కప్పితే నీరు ఆగుతుంది కాని, పీడనం తీసివేసిన తరువాత ముషలకం వెనుకకు రాక అక్కడే పట్టుకొనిపోతుంది. బ్రామా కర్మాగారంలో పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే ఇందుకు ఉపాయం కనిపెట్టాడని చెబుతారు. తోలును గిన్నె అంచువలె వంచి, దాని నోరు ద్రవం వైపు ఉండునట్లు అమర్చారు. ద్రవం ఆ నోటిలోకి చొచ్చుకొని, తోలు అంచులను ఇరుప్రక్కలకు నొక్కుతుంది. పీడనం పెరిగినకొద్దీ పట్టు బిగుస్తుంది. పీడనం తగ్గగానే పట్టు సడలి ముషలకం సులభంగా వెనుకకు వస్తుంది. ఏ శక్తి ద్రవాన్ని బయటికి త్రోస్తున్నదో, ఆ శక్తినే దానిని ఆపడానికి వాడుకొనడం ఇందలి విశేషం. నేటి సీళ్లలో చాలావాటికి మూలసూత్రం ఇదే.

డేవిస్ ఆలోచన

20వ శతాబ్దం ఆరంభంలో మోటారు లారీలు బరువెక్కాయి. వాటిని మలుపు త్రిప్పడానికి డ్రైవర్లు ఎంతో శ్రమపడవలసి వచ్చేది. అమెరికాలో పియర్స్ ఆరో కంపెనీ లారీ విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ ఈ ఇబ్బందిని స్వయంగా గమనించాడు. 1922లో ఉద్యోగం విడిచి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్ పట్టణంలో చిన్న పనిశాల పెట్టుకొన్నాడు.

ఆ రోజుల్లో ద్రవచాలిత యంత్రాలలో పీడనాన్ని ఎల్లవేళలా నిలువ ఉంచేవారు. యంత్రం పనిచేసినా, చేయకపోయినా సీళ్లపై ఒత్తిడి తప్పేది కాదు. అందువలన నూనె కారడమూ తప్పేది కాదు. డేవిస్ సమస్యను మరొక వైపునుండి చూశాడు. అవసరం లేనప్పుడు పీడనం ఎందుకు? ఆయన ఏర్పాటులో కవాటం మామూలుగా తెరచి ఉంటుంది. పంపు నుండి వచ్చే నూనె అడ్డులేకుండా ప్రవహించి తొట్టికి చేరుతుంది. డ్రైవరు చక్రం త్రిప్పినప్పుడు మాత్రమే కవాటం కొద్దిగా జరిగి నూనె దారిని ఇరుకు చేస్తుంది. అప్పుడు ముషలకానికి ఒక ప్రక్క పీడనం పెరిగి, చక్రాలను త్రిప్పడానికి తోడ్పడుతుంది. కారకుండా గట్టిగా బిగించడానికి బదులు, కారడానికి కారణమైన పీడనాన్నే అవసరమైన క్షణాలకు పరిమితం చేశాడన్నమాట.

1926లో ఆయన తన కారును జనరల్ మోటార్స్ ఇంజనీర్లకు చూపాడు. వారు మెచ్చుకొన్నారు. కాని 1930లలో ఆర్థికమాంద్యం వలన ఆ ప్రయత్నం ఆగిపోయింది. రెండవ ప్రపంచయుద్ధంలో బరువైన సైనిక వాహనాలకు ఈ సాధనం ఉపయోగపడింది. చివరకు 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో పవర్ స్టీరింగును ప్రవేశపెట్టింది. అప్పటికి డేవిస్ పేటెంట్లలో కొన్నిటికి గడువు తీరిపోయింది.

రబ్బరు వలయం

ఇదే కాలంలో మరొక ముఖ్యమైన పరిష్కారం లభించింది. డెన్మార్కులో 1865లో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్‌సెన్, 72 ఏళ్ల వయస్సులో, 1937లో, గుండ్రని రబ్బరు వలయపు సీలుకు పేటెంటు కోరాడు. అది 1939లో లభించింది. వలయాన్ని దాని మందం కంటె వెడల్పైన గాడిలో కూర్చోబెట్టాలని, గాడి పొడవు వలయపు మందానికి ఒకటిన్నర రెట్లు ఉంటే మేలని ఆయన ప్రయోగాల వలన తేలింది. నూనె పీడనం వలయాన్ని గాడిలో ఒక ప్రక్కకు త్రోసి, సందుకు అడ్డంగా నొక్కి ఉంచుతుంది. తోలు కట్టులోని సూత్రమే ఇక్కడ రబ్బరులో మరల కనిపిస్తుంది.

అయితే సహజమైన రబ్బరు ఖనిజనూనెలో ఉబ్బి మెత్తబడుతుంది. ఉపాధ్యాయుని సమక్షంలో ఒక రబ్బరు బ్యాండును కిరోసిన్‌లో నానబెట్టి, మరునాడు మరొక బ్యాండుతో పోల్చి చూస్తే విద్యార్థులకు ఈ సంగతి తెలుస్తుంది. 1930లలో జర్మనీలో తయారైన నైట్రైల్ రబ్బరు నూనెకు తట్టుకొనగలదు. ఆ రబ్బరే సీళ్లకు ఆధారమైంది.

లోపం ఎక్కడ?

చక్రాన్ని చివరివరకు త్రిప్పినప్పుడు స్టీరింగులో చదరపు సెంటీమీటరుకు 70 కిలోగ్రాముల బరువుకు సమానమైన పీడనం, కొన్ని కార్లలో అంతకు మించి, ఏర్పడుతుంది. ముషలకం వైశాల్యం 10 చదరపు సెంటీమీటర్లనుకొంటే, దానిపై బలం 700 కిలోగ్రాముల బరువుకు సమానం. ఇంత ఒత్తిడిలో వయస్సు మీరిన రబ్బరు ఓడిపోవడంలో వింతలేదు. ఇంజను వేడికి ఏళ్ల తరబడి గురియైన రబ్బరు గట్టిపడి, సాగే గుణం కోల్పోతుంది. చలి ఉదయాన కారి, ఇంజను వేడెక్కిన తరువాత ఆగిపోయే నూనె ఇందుకు సూచన.

నూనె నేలమీద పడినచోటు దాని జన్మస్థానం కాదు. నూనె గొట్టాల వెంట జారి, గాలికి చెదరి, ఎక్కడో క్రింద చుక్కలుగా రాలుతుంది. కాబట్టి ముందుగా అన్ని భాగాలను శుభ్రంగా తుడవాలి. తరువాత ఇంజను నడుపుతూ, ఒకరు చక్రాన్ని అటూ ఇటూ చివరివరకు త్రిప్పుతుండగా, మరొకరు పైనుండి క్రిందికి చూస్తూ రావాలి. చివరన అయిదు సెకనులకు మించి పట్టి ఉంచరాదు, పంపు వేడెక్కుతుంది. అన్నిటికంటె పైన తడిగా కనిపించిన చోటే సాధారణంగా అసలు లోపం. తొట్టికి వచ్చే గొట్టం బిగింపు, పంపు నుండి పోయే అధికపీడన గొట్టం కొసలు, పంపు ఇరుసు వద్ద సీలు, స్టీరింగు పెట్టె కొసల సీళ్లు పరీక్షించదగిన చోట్లు. పెట్టె కొసలనున్న రబ్బరు తొడుగులో నూనె చేరితే, లోపలి సీలు చెడినదని అర్థం. పీడనంలో ఉన్న గొట్టాన్ని చేతితో తడిమి చూడకూడదు. సూదివలె చిమ్మే నూనె చర్మాన్ని ఛేదించగలదు. ఒక అట్టముక్కను అడ్డుపెట్టి చూడటం క్షేమం. వేడి పొగగొట్టంపై పడిన నూనె అంటుకొనే ప్రమాదం కూడా ఉన్నది.

లోపాన్ని బట్టి మరమ్మతు ఉంటుంది. వదులైన బిగింపును బిగించాలి. పగిలిన గొట్టాన్ని మార్చాలి; అధికపీడన గొట్టానికి అతుకు పనికిరాదు. కీళ్ల వద్ద కొత్త రాగి వాషర్లు వేయాలి. సీలు మార్చేటప్పుడు ఇరుసును కూడా పరీక్షించాలి. దానిపై గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. నూనెలో కలిపే మందులు రబ్బరును ఉబ్బించి కొంతకాలం కారకుండా చేస్తాయి కాని చిరిగిన సీలును అతకలేవు. ఆ కారుకు నిర్దేశించిన నూనెనే పోయాలి. బ్రేకు నూనె పోస్తే నైట్రైల్ సీళ్లు పాడైపోతాయి. చివరకు కారు ముందుభాగాన్ని ఎత్తి, స్టాండ్లపై దృఢంగా నిలిపి, చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ త్రిప్పుతూ లోపలి గాలిని వెళ్లగొట్టాలి. తొట్టిలో నురుగు తగ్గేవరకు ఇట్లు చేయాలి. మూలుగు ధ్వనికి కారణం ఈ గాలే.

చిన్న వలయం – పెద్ద నష్టం

సీలును చులకనగా చూసినందుకు మానవజాతి చెల్లించిన మూల్యం 1986 జనవరి 28న ప్రపంచానికి తెలిసింది. అమెరికా అంతరిక్షనౌక ఛాలెంజర్, బయలుదేరిన 73 సెకనులకు నాశనమైంది. ఏడుగురు మరణించారు. రాకెట్టు కీలులోని రబ్బరు వలయం చలికి గట్టిపడి వేడి వాయువులను ఆపలేకపోయింది. చలిలో ప్రయోగించవద్దని కొందరు ఇంజనీర్లు ముందురాత్రే హెచ్చరించినా, వారి మాట చెల్లలేదు. ఫిబ్రవరి 11న జరిగిన విచారణలో భౌతికశాస్త్రజ్ఞుడు ఫైన్‌మన్, అటువంటి రబ్బరు ముక్కను బిగించి మంచునీటిలో ముంచి, అది వెంటనే పూర్వరూపానికి రావడం లేదని అందరికీ చూపాడు. ఏ పాఠశాలలోనైనా చేయదగిన ప్రయోగం అది.

1988లో జపానులో సుజుకి కంపెనీ సెర్వో కారుకు విద్యుత్ మోటారుతో పనిచేసే స్టీరింగు అమర్చింది. నేటి కొత్త కార్లలో చాలావాటికి ఆ పద్ధతే ఉన్నది. వాటిలో కారడానికి నూనె లేదు. అయినా ట్రాక్టర్లలో, మట్టి త్రవ్వే యంత్రాలలో, విమానాలలో ద్రవపీడనమే ఇంకా పనిచేస్తున్నది. ఆ యంత్రాల బలం గురించి మాట్లాడుకొనేవారు సాధారణంగా ముషలకాన్ని, పంపును తలచుకొంటారు. వాటి బలమంతా ఎవరి కంటా పడని ఒక రబ్బరు వలయం నమ్మకంగా తన గాడిలో కూర్చుని ఉండడం మీద ఆధారపడి ఉన్నది.