నల్లేరు మీద బండి – నలుగురు యజమానులు

ఆంగ్లంలోని 'కేక్‌వాక్' అనే మాటకు మన తెలుగులో సరితూగే పలుకుబడి 'నల్లేరు మీద బండి నడక'. పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికా దక్షిణాది తోటలలో బానిసలుగా బ్రతికిన నల్లజాతివారి నడుమ పుట్టిన ఒక నృత్యానికి ఆ పేరు. చక్కగా అడుగులు వేసిన జంటకు కేకు బహుమానం. పోనుపోను ఆ మాటకు 'సునాయాసమైన పని' అనే అర్థం స్థిరపడింది. ఈ పేరుతోనే 1987లో సంగీతకారుల కోసం ఒక సాఫ్టువేరు వెలువడింది. పేరులో ఉన్న సౌఖ్యం దాని చరిత్రలో లేదు. అది నలుగురు యజమానుల చేతులు మారింది. ఒకసారి చనిపోయి మళ్ళీ బ్రతికింది.

సంగీతపు సాఫ్టువేరుతో మనకేమి పని అని మిత్రులు అనుకోవచ్చు. పదవీ విరమణ తరువాత నేను పద్యపఠనాలను కంప్యూటరులో రికార్డు చేసి దాచుకుంటున్నాను. మనలో పాటలు పాడి దాచుకునేవారున్నారు, అమ్మమ్మల నోటి కథలను భద్రపరచేవారున్నారు. ఈ సంపద అంతా ఎవరో చేసిన ఉపకరణం ద్వారానే నిలుస్తున్నది. ఆ 'ఎవరో' మారినప్పుడు ఏమవుతుందన్నదే ఈ టపాలోని ప్రశ్న.

1983లో 'మిడి' అనే ఒప్పందం కుదిరింది. వేర్వేరు సంస్థలు చేసిన విద్యుద్వాద్యాలు పరస్పరం మాట్లాడుకోవడానికి అది భాష. అందులో ధ్వని ఉండదు. ఏ మెట్టును ఎప్పుడు, ఎంత బలంగా, ఎంతసేపు నొక్కారో చెప్పే సూచనలు మాత్రమే ఉంటాయి. మన స్వరలిపి వంటిదనుకుంటే సరిపోతుంది. ఆ సూచనలను కంప్యూటరులో వరుసగా పేర్చి, దిద్ది, మళ్ళీ వాయింపజేసే పనిముట్టుగా గ్రెగ్ హెండర్‌షాట్ కేక్‌వాక్‌ను రచించాడు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆయన స్థాపించిన సంస్థ పేరు ట్వెల్వ్ టోన్ సిస్టమ్స్. మొదటి కూర్పు డాస్‌పై నడిచేది. 1990వ దశకంలో విండోస్‌కు మారి, సూచనలతో పాటు అసలు ధ్వనిని కూడా ముద్రించే శక్తిని సంపాదించింది. 2001లో సోనార్ అనే కొత్త పేరు ధరించింది.

ఆ మరుసటి యేడే ఈ రంగంలో ఒక పిడుగు పడింది. 2002 జులైలో జర్మనీకి చెందిన ఈమ్యాజిక్ సంస్థను ఆపిల్ కొనివేసింది. ఆ సంస్థ చేసిన లాజిక్ అప్పటివరకు మాకింతోష్‌పైనా విండోస్‌పైనా నడిచేది. కొనుగోలుతో పాటే విండోస్ కూర్పుకు మంగళం పాడారు. డబ్బిచ్చి కొన్నవారు ఒక్క ప్రకటనతో దిక్కులేనివారయ్యారు. వారి సాఫ్టువేరులో దోషమేమీ లేదు. యజమాని మారాడు, అంతే. అప్పటినుండి 'దీని యజమాని ఎవరు?' అన్న ప్రశ్న సంగీతకారుల మాటలలో 'దీని గుణమేమిటి?' అన్న ప్రశ్నతో సమానంగా వినిపించసాగింది.

కేక్‌వాక్ వంతు 2008లో వచ్చింది. జపానుకు చెందిన వాద్యపరికరాల సంస్థ రోలాండ్ అధికభాగం వాటాను తీసుకున్నది. వాద్యాలు చేసేవారే యజమానులైతే మంచిదని సంతోషించినవారు ఉన్నారు. 2010 చివర వచ్చిన ఎక్స్1 అనే కూర్పులో తెర రూపురేఖలు పూర్తిగా మారిపోయాయి. కొందరు నవీనమని మెచ్చుకున్నారు; పదేళ్ళు అలవాటైన మీట ఎక్కడికి పోయిందో తెలియక కొందరు విసుగుకున్నారు. నవీకరణ అన్నది ఎప్పుడూ ఇట్టిదే. ఇల్లు బాగుచేయిస్తామని చెప్పి పెరటి బావిని వీధివాకిట్లోకి మార్చినట్లుంటుంది. నీళ్ళు అవే కావచ్చు. చేద పట్టుకొన్న చేయి మాత్రం పాత దిక్కుకే పోతుంది.

2013లో మూడవ యజమాని వచ్చాడు. అది గిటార్లకు పేరెన్నికగన్న గిబ్సన్ సంస్థ. ఈ వార్తకు పాత వాడుకరులు ఉలిక్కిపడడానికి కారణమున్నది. 1998లో ఇదే గిబ్సన్, ఆప్‌కోడ్ అనే కాలిఫోర్నియా సంస్థను కొన్నది. మిడి సూచనలను, అసలు ధ్వనిని ఒకే చోట కూర్చిన తొలి సాఫ్టువేరు, 1990 నాటి స్టూడియో విజన్, ఆ ఆప్‌కోడ్‌దే. కొన్న మరుసటి సంవత్సరమే దాని అభివృద్ధి ఆగిపోయింది. చరిత్ర తెలిసినవారు ఆ సంగతి గుర్తుచేశారు. 'అప్పటి కాలం వేరు' అన్నవారు కూడా ఉన్నారు.

2015 జనవరి నుండి పద్ధతి మారింది. దాదాపు ఏడాదికొక పెద్ద కూర్పుకు బదులు నెలనెలా చిన్న నవీకరణలు రాసాగాయి. సంవత్సరం చందా పూర్తిగా కట్టినవారికి అప్పటివరకు అందినది శాశ్వతంగా వారిదే. ఇది న్యాయమైన ఏర్పాటనే చెప్పాలి. 2016లో దానిపై మరొక మెట్టు ఎక్కారు. ఒకసారి డబ్బు కడితే సోనార్ ప్లాటినం కూర్పుకు 'జీవితకాలపు ఉచిత నవీకరణలు' అని ప్రకటించారు. అనేకులు కొన్నారు.

2017 నవంబరు 20న గిబ్సన్ మరొక ప్రకటన చేసింది. కేక్‌వాక్ ఉత్పత్తుల అభివృద్ధిని నిలిపివేస్తున్నామని, ఫిలిప్స్ పేరుతో తాము సాగిస్తున్న గృహ ధ్వనిపరికరాల వ్యాపారంపై దృష్టి నిలుపుతామని దాని సారాంశం. 2014లో ఫిలిప్స్ వారి ధ్వనిపరికరాల శాఖను 13.5 కోట్ల డాలర్లకు కొన్న గిబ్సన్ అప్పుల ఊబిలో చిక్కుకొని ఉన్నది. 2018 మే 1న దివాలా చట్టం క్రింద రక్షణ కోరింది.

తెలుగు పండితుణ్ణి గనుక ఆ సమాసం దగ్గర ఆగక తప్పదు. 'జీవితకాలపు నవీకరణలు' అన్నప్పుడు ఆ జీవితం ఎవరిది? కొన్నవాడు తన జీవితమనుకున్నాడు. అమ్మినవాడి లెక్కలో అది సాఫ్టువేరు జీవితం. జరిగినదాన్ని బట్టి చూస్తే అది యజమాని ఆసక్తికి ఉన్న జీవితం, సుమారు ఏడాదిన్నర. లోపించిన షష్ఠీ విభక్తి ఎవరికి చెందుతుందో తేల్చకుండా విగ్రహవాక్యం చెబితే బడిపిల్లవాడికైనా మార్కులు తగ్గిస్తాం. ఆ ఒక్క విభక్తి అస్పష్టతలోనే వేలకొలది రూపాయల విలువైన వాగ్దానం ఆవిరైపోయింది.

కథ అక్కడ ముగియలేదు. 2018 ఫిబ్రవరిలో సింగపూరుకు చెందిన బ్యాండ్‌ల్యాబ్ టెక్నాలజీస్ ఈ సాఫ్టువేరు హక్కులను కొన్నది. ఏప్రిల్‌లో దాన్ని 'కేక్‌వాక్ బై బ్యాండ్‌ల్యాబ్' పేరుతో ఉచితంగా విడుదల చేసింది. నిన్నటి అనాథలు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఆ ఉచితానికి ఒక దారం కట్టి ఉండేది. కొంతకాలానికొకసారి సంస్థ సర్వరుతో సంపర్కం పెట్టుకొని అనుమతిని పునరుద్ధరించుకోవలసి వచ్చేది. 2023లో ఈ ఉచిత కూర్పుకు త్వరలో స్వస్తి అని, డబ్బు చెల్లించే సోనార్ మళ్ళీ వస్తుందని ప్రకటించారు. 2025లో ఆ సోనారుకే ఒక ఉచిత శ్రేణిని కూడా కల్పించారు. వీరు దుర్మార్గులని నేననను, చనిపోయినదాన్ని బ్రతికించారు. కాని ఒక నిర్ణయమైనా వాడుకరి చేతిలో లేదు. చంపినప్పుడు ఎంత చేతకానివాడో, బ్రతికించినప్పుడూ అంతే.

దీని ప్రక్కన మరొక కథను పెట్టి చూడండి. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డామినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ రూపొందించిన ఆడాసిటీ 2000 మే నెలలో లోకానికి అందింది. దాని మూలరచన అందరికీ తెరచి ఉన్నది. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని అదే షరతుపై పంచవచ్చు. నా పద్యాలు దాచుకొన్నది దీనితోనే.

2021 ఏప్రిల్ చివర మ్యూస్ గ్రూప్ అనే సంస్థ ఆడాసిటీని తన అధీనంలోకి తీసుకున్నది. మే నెలలోనే, వాడుకరుల అంగీకారంతో వాడకపు వివరాలను గూగుల్, యాండెక్స్ సేవల ద్వారా సేకరించే ప్రతిపాదన వచ్చింది. నిరసన చెలరేగగా దాన్ని విరమించారు. జులైలో గోప్యతా విధానాన్ని మార్చి వ్రాశారు. అధికారుల కోసం అవసరమైన సమాచారం సేకరించవచ్చునని, పదమూడేళ్ళ లోపు పిల్లలు వాడరాదని అందులో ఉన్నది. 'వాడరాదు' అనే హక్కు ఆ లైసెన్సు ప్రకారం మీకు లేదని చదువరులు ఎత్తిచూపారు. కొందరు మూలరచనను ప్రతి తీసుకొని, టెనాసిటీ వంటి పేర్లతో వేరు కాపురం పెట్టారు. సంస్థ క్షమాపణ చెప్పి పాఠాన్ని సవరించింది.

వేరు కాపురం పెట్టినవారు పెద్ద సంఖ్యలో జనాన్ని తమవైపు త్రిప్పుకోలేదన్నది నిజం. మరొకవైపు కొత్త యజమాని జీతమిచ్చి పెట్టిన పనివారివల్ల మేలు కూడా జరిగింది. అసలు ధ్వనిని మార్చకుండానే వినిపిస్తున్నప్పుడే మెరుగులు దిద్దే సౌకర్యం 2022లో 3.2 కూర్పుతో వచ్చింది. తెరచిన మూలాలు ఉంటే చాలు, డబ్బు అక్కరలేదనే వాదన నాకు సమ్మతం కాదు.

అయినా రెండు కథలలోనూ వాడుకరులు మొరపెట్టుకున్నారు. ఒకచోట మొర విన్నారు, ఒకచోట వినలేదు. గొంతు బలంలో తేడా లేదు. ఆడాసిటీ వాడుకరి 'నేను ఈ పాఠం తీసుకొని వెళ్ళిపోగలను' అని చెప్పగలడు. సోనార్ వాడుకరి చెప్పలేడు. ఎవరూ వెళ్ళకపోయినా, వెళ్ళే తలుపు తెరచి ఉండడమే యజమానిని మర్యాదలో నిలుపుతుంది.

మన సాహిత్యచరిత్ర ఇందుకు సాక్ష్యం చెబుతుంది. రాజులు పోయారు, సంస్థానాలు పోయాయి, కావ్యాలు మాత్రం నిలిచాయి. కడపలో బ్రౌన్‌దొర పండితులను నియమించి తాళపత్ర ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించగలిగాడంటే, ఊరూరా ప్రతులుండడమే కారణం. ఒకే ఒక్క భాండాగారంలో ఒకే ప్రతి ఉండి, దాని తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉండి ఉంటే మనకేమి మిగిలేది?

కనుక మిత్రులకు నా మనవి ఒక్కటే. ఏ సాఫ్టువేరు వాడినా, పని ముగిసిన నాడే ఆ ధ్వనిని వేవ్ వంటి, ఏ పరికరమైనా చదవగల రూపంలో విడిగా ఒక ప్రతి తీసిపెట్టుకోండి. ఆ సాఫ్టువేరు సొంత రూపంలో మాత్రమే ఉన్న పాట, ఆ యజమాని ఇంటి తాళం వెనుక ఉన్న పాటే. మీలో సోనార్ వాడినవారు, ఆ 2017 నవంబరును అనుభవించినవారు ఉంటే, అప్పుడు మీ పాత పాటలను ఎట్లా కాపాడుకున్నారో తెలుపగోరుతున్నాను.