కండ్లు, కళ్ళు, కన్నులు

బడిలో ఇంగ్లీషు చదివిన వారికి రెండు తీరుల బహువచనములు జ్ఞాపకముండును. పుస్తకము 'బుక్', పుస్తకములు 'బుక్స్'. చివర సకారము చేర్చిన చాలును. పాదము 'ఫుట్' కాగా పాదములు 'ఫీట్'; ఎద్దు 'ఆక్స్' కాగా ఎద్దులు 'ఆక్సెన్'. ఇవి నియమమునకు లొంగవు. మేమును చిన్ననాడు ఎందుకని అడుగక వీనిని వల్లె వేసినవారమే.

నిజమునకు ఇవి పాత నియమములకు మిగిలిన గురుతులు. ఒకప్పుడు ఇంగ్లీషులో నకారము చేర్చి బహువచనము చేయు పద్ధతియు విరివిగా నుండెను. నేడు కన్ను 'ఐ', కన్నులు 'ఐస్'. ఆరువందల ఏండ్ల క్రిందట, చాసర్ కవి కాలమున, కన్నులను 'ఈయెన్' అనెడివారు. సకారము క్రమముగా ఆ పద్ధతిని తరిమివేయగా, 'ఆక్సెన్' వంటివి ఒకటి రెండు మాత్రము నిలిచినవి.

ఈ కన్నునే మన కరీంనగరము వైపు త్రిప్పి చూతము. జగిత్యాలలో, సిరిసిల్లలో పెద్దలు 'కండ్లు', 'పండ్లు', 'ఇండ్లు', 'ఏండ్లు' అందురు. కోస్తా మండలములలో 'కళ్ళు', 'పళ్ళు', 'ఇళ్ళు', 'ఏళ్ళు' అందురు. మా వైపు పిల్లవాడు పట్నపు బడిలో 'కండ్లు' అనగానే ప్రక్కవారు నవ్వుటయు, మరునాటి నుండి వాడు నోరు మెదపకుండుటయు మేమెరిగినవే.

నవ్వినవారెరుగని సంగతి ఒకటి కలదు. కన్ను మొదట 'కణ్'. దానికి బహువచనపు 'ళు' చేరినప్పుడు, ణకారము నుండి ళకారమునకు నాలుక మరలుచుండగా నడుమ డకారము తనంత తాను పుట్టును. 'కండ్లు' అట్లు వచ్చినది. అది అరిగి 'కళ్ళు' అయినది. 'కన్నులు' అనునది ఏకవచనమునకు నేరుగా 'లు' చేర్చిన రూపము; ఇంగ్లీషువారి 'ఐస్' వంటిది. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడిన నాటి గ్రంథభాషకును 'ఇండ్లు', 'పండ్లు' అనునవే సాధురూపములు.

గోదావరి దాటి, 2016లో నాలుగు జిల్లాలైన పాత ఆదిలాబాదు అడవులకు పోయినచో సాక్ష్యము మరింత బలపడును. అచ్చటి కొలాముల భాష తెలుగునకు సోదరి. 1955లో కొలామీ వ్యాకరణము ప్రకటించిన ఎమెనో పండితుడు, బరో పండితునితో కలిసి 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును వెలువరించెను. అందు కొలామీలో కన్ను 'కన్' అనియు, బహువచనము 'కండ్ల్' అనియు కలదు. జగిత్యాల అవ్వ నోటను, కొలాము గూడెమునను దాదాపు ఒకే మాట! పొరుగుననే యున్న గోండులు కకారము చేర్చి 'కంక్' అందురు. తమిళుల 'కణ్‌గళ్'లో ఆ కకారమును, ఈ ళకారమును రెండును కలిసియున్నవి.

గంగాధర దగ్గరి కురిక్యాల బొమ్మలగుట్టపై జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందములు మూడు కలవు. అవి పదవ శతాబ్దివి, నన్నయకు పూర్వపువి. ఆ శిలను చూచి మనము గర్వించుచున్నాము. దాని చుట్టుప్రక్కల పల్లెల నోట నిలిచిన మాటను మాత్రము మొరటుదనుట న్యాయమా?

'కళ్ళు' తప్పు కాదు, 'కండ్లు'ను తప్పు కాదు. పిల్లవానికి 'ఆక్సెన్' ఎట్లు మిగిలినదో బోధించునాడు, వాని అవ్వ పలుకు 'కండ్లు' ఎట్లు వచ్చినదో కూడ చెప్పుదము.