హోటళ్ల వెలుపలి శుభ్రత, ప్రెషర్ వాషింగ్

హోటల్లో వంటగది, భోజనాల గది కాక మిగిలిన బయటి భాగాలను కడిగి బాగుచేసే పనిని వెలుపలి శుభ్రత అంటారు. మెట్లు, అరుగు, ముందరి బండపరుపు, గోడలు, అద్దాలు, బోర్డు, పొగగొట్టం బయటి కొస దీని కిందికి వస్తాయి. గిరాకీల కంటపడని బోకులు తోమే చోటు, చెత్తడబ్బాల మూల, మురుగుకాలువ కూడా ఇందులోవే. ఎక్కువ ఒత్తిడితో నీళ్లు చిమ్మే యంత్రంతో ఈ పని చేస్తే అది ప్రెషర్ వాషింగ్. పెద్ద నగరాల్లో దీన్ని చదరపు అడుగు లెక్కనో, నెలవారీ ఒప్పందం మీదో చేసిపెట్టే సంస్థలున్నాయి. చిన్న ఊళ్లలో జనం ఈ యంత్రాన్ని ఎక్కువగా చూసింది బైకులు, లారీలు కడిగే వాటర్ సర్వీసింగ్ సెంటర్లలోనే.

కడప జిల్లాలోని చిలమకూరు, ఎర్రగుంట్ల ప్రాంతంలో ఈ పనికి రెండు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఒకటి గాలిలోని సిమెంటు దుమ్ము, రెండోది కాలికింది సున్నపురాతి బండ. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోకుండా వేరే చోటి పద్ధతిని ఇక్కడ వాడితే హోటల్ శుభ్రపడదు, పాడవుతుంది.

దుమ్ము, బండ

చిలమకూరు ఎర్రగుంట్ల మండలంలోని ఊరు. ఇండియా సిమెంట్స్ కర్మాగారం ఇక్కడే ఉంది. 2024 డిసెంబరులో ఆ కంపెనీ అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది. ఎర్రగుంట్ల దగ్గర జువారి సిమెంట్, జమ్మలమడుగు వైపు దాల్మియా సిమెంట్ ఉన్నాయి. కలమల్ల వద్ద రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994లో తొలి యూనిట్‌తో మొదలై 1,650 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగింది. ఇక్కడ ఇన్ని సిమెంటు కర్మాగారాలు వెలియడానికి మూలం భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి అని పిలిచే రాతిపొర. అదే జాతి రాయిని పలకలుగా చీల్చి, పాలిష్ పట్టి కడప బండలుగా అమ్ముతారు. అంటే హోటల్ ముందు పరిచిన బండకూ, దాని మీద వాలే దుమ్ముకూ పుట్టిల్లు ఒకటే.

సిమెంటు దుమ్ము మామూలు మట్టి లాంటిది కాదు. మట్టి మీద నీళ్లు పోస్తే కరిగి కొట్టుకుపోతుంది. సిమెంటు మీద నీళ్లు పడితే గట్టిపడుతుంది. థర్మల్ కేంద్రపు బూడిద ఒంటరిగా బిగుసుకోదు కానీ, సున్నంతో, తేమతో కలిస్తే అది కూడా పట్టు పెంచుకుంటుంది. చలికాలపు మంచు తడికే అద్దాల మీద, బోర్డుల మీద తెల్లటి పొర అంటుకుంటుంది. రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు చల్లి వదిలేసే హోటల్లో ఆ పొర మీద పొర పేరుకుని, కొన్నాళ్లకు గీరినా రానంతగా తయారవుతుంది.

అందువల్ల ఈ ప్రాంతంలో కడుగుడు పొడిపనితో మొదలు కావాలి. ముందుగా మెత్తటి పరకతో, పొడిగుడ్డతో, వీలైతే వాక్యూమ్ యంత్రంతో దుమ్ము తీసేయాలి. బ్లోయరుతో ఊదితే అది పక్కంగడిలోకి పోతుందే తప్ప తొలగదు. ఆ తర్వాత తక్కువ ఒత్తిడితో, ఎక్కువ నీళ్లతో, పైనుంచి కిందికి కడగాలి. తడి ఆరకముందే అద్దాలను రబ్బరు పట్టీతో లాగేయాలి. పొడిగా తీయడం, కడగడం అనే ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన యంత్రమైనా వృథాయే.

పరిశ్రమల దుమ్ము చట్టం దృష్టికి వచ్చిన విషయమే. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన లైసెన్సింగ్ నిబంధనల నాలుగో షెడ్యూలు, ఆహారశాలలు దుమ్ము, మసి, పొగ వెలువరించే పరిశ్రమలకు దూరంగా ఉండటం మేలంటుంది. అలాంటి పరిశ్రమ పక్కనే ఉంటే ఆహారం కలుషితం కాకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలంటుంది. ఎర్రగుంట్ల మండలంలో దూరంగా ఉండటం అందరికీ కుదరదు. ఇక్కడి హోటలువాళ్లకు మిగిలింది ఆ రెండో దారే.

యాసిడ్ ఎందుకు వద్దు

మొండిమరకలు కనబడగానే చాలామంది బాత్‌రూము యాసిడ్ సీసా తీస్తారు. గ్రానైటు పాలిష్ దాన్ని కొంత ఓర్చుకుంటుంది. కడప బండ ఓర్చుకోదు. అది ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. యాసిడ్ తగలగానే నురగలు పొంగి, పైపొర కరిగి, నల్లటి మెరుపు పోయి బూడిదరంగు మచ్చలు మిగులుతాయి. గరుకుతేలిన ఆ చోట జిడ్డు మునుపటికంటే వేగంగా ఇంకుతుంది. చింతపండు పులుసు, నిమ్మరసం ఒలికి చాలాసేపు నిలిచినా ఇదే తరహా మచ్చ పడుతుంది. ఆమ్లగుణం లేని డిటర్జెంటు, గోరువెచ్చని నీళ్లు, గట్టి బ్రష్షు ఈ బండకు సరిపోతాయి. లోపలికి ఇంకిన నూనెకు ముగ్గుపిండినో, బంకమట్టి పొడినో డిటర్జెంటు నీళ్లతో ముద్దచేసి పూసి, ఆరనిచ్చి తీసేస్తే అది కొంత నూనెను పీల్చుకుంటుంది.

యాసిడ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. గాలాడని బోకుల గదిలో అది మనిషి ప్రాణం తీయగలదు. ఈ రెండూ ఒకే అరలో ఉంచకూడదు.

యంత్రం

ఆవిరితో జిడ్డు కడిగే యంత్రం 1920ల చివర్లో అమెరికాలో వచ్చింది. జర్మనీకి చెందిన ఆల్‌ఫ్రెడ్ కెర్షర్ 1950లో యూరప్‌లో మొదటిదైన వేడినీటి హైప్రెషర్ యంత్రాన్ని తయారుచేశాడు. నేటి యంత్రాలన్నీ దాదాపు ఆ సూత్రం మీదే నడుస్తాయి: మోటారు పంపును తిప్పుతుంది, పంపు నీటిని ఇరుకైన నాజిల్ గుండా తోస్తుంది.

పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు నుంచి వచ్చే నీటికి సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. బైకులు కడిగే చిన్న యంత్రానిది 100 బార్ పైమాటే, వృత్తిపనివాళ్లు వాడేవాటిది 150 నుంచి 200 వరకు. ధార వెడల్పును నాజిల్ నిర్ణయిస్తుంది. ఎర్ర నాజిల్‌ది సూదిలాంటి ధార, పసుపుపచ్చది 15 డిగ్రీలు, ఆకుపచ్చది 25, తెల్లది 40, నల్లది సబ్బునీళ్లకు. ఎర్రదాన్ని హోటల్ పనిలో వాడకపోవడమే మంచిది. కడప బండ పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కనుక సన్నధార అంచుకు తగిలితే పెచ్చులు లేస్తాయి. బండల మధ్య అతుకుల్లో సిమెంటు ఊడి, నీళ్లు కిందికి దిగి, బండ ఊగడం మొదలవుతుంది. ఆకుపచ్చ లేదా తెల్ల నాజిల్‌ను అడుగు దూరాన, ఏటవాలుగా పట్టాలి.

సున్నం, డిస్టెంపరు వేసిన గోడలను యంత్రంతో కడగకూడదు, రంగంతా రాలిపోతుంది. సిమెంటు రేకుల కప్పుల జోలికి అసలు పోకూడదు. చాలా రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. ధార తగిలితే ఆ నార తుంపరతోపాటు గాలిలో కలుస్తుంది, ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాతైనా క్యాన్సరుకు దారితీయవచ్చు.

జిడ్డు ఎక్కడుంది

పాశ్చాత్య దేశాల్లో హోటల్ జిడ్డంటే ఎక్కువగా వెనకవైపు పొగగొట్టం దగ్గరిదే. రాయలసీమలో లెక్క తిరగబడుతుంది. ఉగ్గానికి తోడు బజ్జీలు వేసే బాండలి, కారం దోసెల పెనం చాలా హోటళ్లలో వీధిలోకే ఉంటాయి. నూనె తుంపర మెట్ల మీద, షట్టరు మీద, బోర్డు అడుగున పడుతుంది, దాని మీద సిమెంటు దుమ్ము వాలుతుంది. ఈ రెండూ కలిసిన నల్లటి పూతను చన్నీళ్ల ధార కదిలించలేదు. దుమ్ము పొడిగా తీశాక, డిటర్జెంటు పూసి పది నిమిషాలు నానబెట్టి, 60 నుంచి 80 డిగ్రీల వేడినీళ్లతో కడిగితే వస్తుంది. వేడినీటి యంత్రం లేకపోతే కాచిన నీళ్లు, బ్రష్షుతో పని ఆలస్యంగానైనా అవుతుంది.

కడగడానికి తగిన వేళ రాత్రి హోటల్ మూసిన తర్వాత. పిండి, చట్నీలు, బోకులు బయట ఉండగా యంత్రం ఆడిస్తే మురుగుకాలువలోని సూక్ష్మజీవులు తుంపరతో లేచి వాటి మీద వాలతాయి. ముందరి బండను రోజూ పొడిగా ఊడ్చి తుడవడం, నెలకోసారి యంత్రంతో కడగడం, గోడలూ బోర్డూ మూణ్ణెల్లకోసారి చూసుకోవడం ఈ దుమ్ముకు తగిన క్రమమని చెప్పవచ్చు.

నీళ్లు, మురుగు

సున్నపురాతి నేలలో బోరునీళ్లు సాధారణంగా కఠినంగా ఉంటాయి. సబ్బు సరిగా నురగ రాదు, అద్దాల మీద తెల్లచుక్కలు మిగులుతాయి, యంత్రంలోని వేడిగొట్టం లోపల పక్కు కడుతుంది. చివరి కడుగుడుకైనా కాఠిన్యం లేని నీళ్లు వాడితే మేలు. పెద్దగా వానలు పడని జిల్లాలో నీటి ఆదా కూడా ముఖ్యమే. అదే చోటును గొట్టంతో కడగడం కంటే మంచి నాజిల్ ఉన్న యంత్రంతో కడిగితే తక్కువ నీళ్లు పడతాయి.

కడిగిన జిడ్డునీళ్లు వీధి కాలువలోకి పోకూడదు. ఈ ప్రాంతమంతా పెన్నా పరీవాహకం కాబట్టి అవి చివరికి ఆ నది వైపే పోతాయి. నీళ్లు ముందు గ్రీజ్ ట్రాప్‌లోకి పోవాలి. అది రెండు మూడు అరల తొట్టి. నీళ్లు నిదానించేసరికి నూనె పైకి తేలుతుంది, మడ్డి అడుగుకు దిగుతుంది, మధ్యనున్న నీళ్లే బయటికి పోతాయి. మరిగే నీళ్లను ఒక్కసారిగా వదిలితే నూనె కరిగి తొట్టి దాటిపోయి, ముందుకెళ్లి చల్లారి కాలువలో గడ్డకడుతుంది. పామాయిలు వాడే హోటళ్లలో ఇది మరీ ఎక్కువ. వాడేసిన వంటనూనెను కాలువలో పోయడం ఎలాగూ తప్పే. ఆహార భద్రత సంస్థ దాన్ని సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే పథకాన్ని 2018లో మొదలుపెట్టింది.

పనివాళ్ల భద్రత

ఈ యంత్రపు ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న రంధ్రమే కనబడినా లోపల కండరం దెబ్బతింటుంది. కట్టుకట్టి ఊరుకోక వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఎర్తింగ్, 30 మిల్లీ యాంపియర్ల లీకేజీ బ్రేకరు లేని ప్లగ్గుకు యంత్రాన్ని తగిలించకూడదు. బోర్డు కడిగే ముందు దాని కరెంటు తీసేయాలి. నిచ్చెన మీద నిలబడి ధార వదిలితే ఎదురుతోపుడుకు మనిషి వెనక్కి పడతాడు. బూట్లు, చేతితొడుగులు, కళ్లద్దాలు, దుమ్ము తీసేటప్పుడు మాస్కు యజమానే ఇవ్వాలి.

హోటల్ వెనకున్న సెప్టిక్ ట్యాంకు వేరే సంగతి. కడిగే మనిషి వచ్చాడు కదా అని దాన్ని కూడా అతనికే అప్పగించరాదు. 2013 నాటి చట్టం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని నిషేధించింది. మొదటి నేరానికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లోపల చేరే విషవాయువు మనిషికి కేకవేసే వ్యవధి కూడా ఇవ్వదు. దిగుతానని పనివాడే ముందుకొచ్చినా హోటల్ యజమాని ఒప్పుకోకుండా, ట్యాంకు తోడే బండిని పిలిపించాలి.