లైనక్స్ కంటైనర్లలో గ్రాఫికల్ డెస్క్‌టాప్

లైనక్స్ కంటైనర్ అంటే ఒకే కెర్నెల్ మీద నడుస్తూనే తన ఫైళ్లు, తన ప్రాసెస్‌లు, తన నెట్‌వర్క్ తనకు విడిగా ఉన్నట్టు కనిపించే ఏర్పాటు. ఒకే ఇంట్లో వేరు కాపురాల వంటిది ఇది. గోడలు వేరైనా పునాది ఒక్కటే. వెబ్ సర్వర్లు, డేటాబేసుల వంటి, తెరతో పనిలేని ప్రోగ్రాముల కోసం ఈ పద్ధతి స్థిరపడింది. కిటికీలు, మౌస్, వీడియో, త్రీడీ బొమ్మలు ఉండే పూర్తి డెస్క్‌టాప్‌ను కంటైనర్‌లో నడిపి, ఆ బొమ్మలు గీసే భారాన్ని ప్రాసెసర్‌కు బదులు గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించడం తర్వాత వచ్చిన మార్పు. కంటైనర్ గోడలో ఎక్కడ, ఎంత మేర తలుపు తెరవాలన్న ప్రశ్న చుట్టూనే దీని చరిత్ర నడిచింది.

మూడు అడ్డంకులు

కంటైనర్‌లోని ప్రోగ్రాము తెర మీద వేగంగా బొమ్మ గీయాలంటే మూడు కుదరాలి. మొదటిది తెర. కిటికీలను నిర్వహించే డిస్‌ప్లే సర్వర్ సాధారణంగా కంటైనర్ బయట, ఆతిథ్య వ్యవస్థలో ఉంటుంది. దానితో మాట్లాడే సాకెట్ లోపలికి అందాలి. రెండోది పరికరం. గ్రాఫిక్స్ కార్డును కెర్నెల్ ఒక ఫైలు రూపంలో చూపుతుంది. ఆ ఫైలు లోపల కనిపించాలి, దాన్ని తెరిచే అనుమతి కూడా ఉండాలి. మూడోది డ్రైవర్. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఒక సగం కెర్నెల్‌లోనూ, రెండో సగం ప్రోగ్రాముతో కలిసి నడిచే లైబ్రరీలోనూ ఉంటాయి. కెర్నెల్ అందరిదీ కాబట్టి మొదటి సగం బయటే ఉంటుంది. రెండో సగం కంటైనర్ లోపల ఉండి, బయటి సగంతో పొసగాలి.

వీటిలో చివరి రెండింటిలో ఏది తప్పినా చాలాసార్లు ప్రోగ్రాము ఆగదు. డ్రైవర్ రెండో సగంగా పనిచేసే మెసా లైబ్రరీ ‘ఎల్ఎల్‌వీఎం‌పైప్’ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతికి మారి, ప్రాసెసర్‌తోనే బొమ్మలు గీస్తుంది. డెస్క్‌టాప్ వచ్చినట్టే ఉంటుంది గానీ కిటికీ జరిపితే ఈడ్చుకుంటూ కదులుతుంది, వీడియో ఆగి ఆగి నడుస్తుంది. ‘జీఎల్ఎక్స్‌ఇన్ఫో’ ఆదేశం ఇచ్చి, ‘రెండరర్’ అన్న వరుసలో కార్డు పేరు వచ్చిందా, ఎల్ఎల్‌వీఎం‌పైప్ అని వచ్చిందా చూడటమే అసలు పరీక్ష.

కంటైనర్ల ఆవిర్భావం

ప్రాసెస్‌కు కనిపించే ఫైళ్ల పరిధిని కుదించే ‘సీహెచ్‌రూట్’ 1979లో యూనిక్స్ ఏడో కూర్పు కాలంలో వచ్చింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ 4.0 తెచ్చిన ‘జైల్’ ఫైళ్లతో పాటు ప్రాసెస్‌లను, నెట్‌వర్క్ చిరునామాను కూడా వేరు చేసింది. లైనక్స్‌లో ఈ విభజన విడతలుగా జరిగింది. 2002లో ఫైల్ వ్యవస్థలకు, 2006లో యంత్రం పేరుకు, ప్రాసెస్‌లు పంచుకునే మెమొరీకి, 2008లో ప్రాసెస్ సంఖ్యలకు విడి నేమ్‌స్పేస్‌లు వచ్చాయి. వాడకందారుల సంఖ్యలను వేరు చేసే యూజర్ నేమ్‌స్పేస్ 2013లో 3.8 కెర్నెల్‌తో పూర్తయింది. ఎవరు ఎంత ప్రాసెసర్, ఎంత మెమొరీ వాడాలో లెక్కగట్టే ‘సీగ్రూప్స్’ పనిని 2006లో గూగుల్ ఇంజినీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ మొదలుపెట్టారు. 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కెర్నెల్‌లో అది చేరింది.

ఈ ముక్కలన్నిటినీ కలిపి వాడే ఎల్ఎక్స్‌సీ 2008లో వచ్చింది. 2013 మార్చిలో సాలమన్ హైక్స్ బృందం వెలువరించిన డాకర్ కంటైనర్లను ప్రోగ్రామర్లందరి చేతికీ తెచ్చింది. 2014లో కెనానికల్ సంస్థ ఎల్ఎక్స్‌డీని ప్రకటించింది. డాకర్ కంటైనర్‌లో సాధారణంగా ఒక్క ప్రోగ్రామే నడుస్తుంది. ఎల్ఎక్స్‌డీ కంటైనర్ మాత్రం పూర్తి లైనక్స్ యంత్రంలా మొదలై నడుస్తుంది. డెస్క్‌టాప్ మొత్తాన్ని లోపల పెట్టదలిచినవారు ఎల్ఎక్స్‌డీ వైపు మొగ్గడానికి ఇదే కారణం. 2023లో దాని నుంచి ‘ఇన్‌కస్’ అనే శాఖ విడివడింది.

ఎక్స్ నుంచి వేలాండ్ దాకా

ఎంఐటీలో 1984లో మొదలైన ఎక్స్ విండో వ్యవస్థ 1987లో పదకొండో కూర్పుకు చేరి దశాబ్దాల పాటు యూనిక్స్ తెరలను ఏలింది. ప్రోగ్రాము ఒక యంత్రంలో, తెర మరో యంత్రంలో ఉన్నా పనిచేసేలా దాన్ని రూపొందించారు. కంటైనర్ల కాలంలో ఈ గుణమే కలిసొచ్చింది. ఎక్స్ సర్వర్ సాకెట్ ఫైలును లోపలికి తగిలించి, ‘డిస్‌ప్లే’ అనే చరరాశిలో తెర సంఖ్య రాస్తే లోపలి ప్రోగ్రాము కిటికీ బయటి తెర మీద తెరుచుకుంటుంది. 2015లో జెస్సీ ఫ్రేజెల్ బ్రౌజరు మొదలు ఆటల దాకా తన రోజువారీ ప్రోగ్రాములను డాకర్‌లో నడిపే తీరును ప్రకటించాక ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

అందులో ఇబ్బందులూ ఉన్నాయి. ఎక్స్ ప్రోగ్రాములు బొమ్మలను సర్వర్‌తో పంచుకునే మెమొరీ ద్వారా పంపుతాయి. కంటైనర్‌కు ఆ మెమొరీ పరిధి వేరు కావడంతో కొన్ని ప్రోగ్రాములు దోషం చూపి ఆగిపోతాయి, కొన్ని ఖాళీ కిటికీ చూపుతాయి. డాకర్ మామూలుగా ఇచ్చే 64 మెగాబైట్ల పంపక మెమొరీ చాలక బ్రౌజర్లు కూలడమూ మామూలే. యూజర్ నేమ్‌స్పేస్ వాడితే మరో చిక్కు. లోపల 1000వ సంఖ్య గల వాడకందారు బయటి లెక్కలో లక్షకో, పది లక్షలకో పైనున్న సంఖ్యగా మారతాడు. తెర తెరిచే రహస్య కుకీని చదవబోతే అనుమతి దొరకదు. అందుకే ఎల్ఎక్స్‌డీలో బయటి 1000ని లోపలి 1000తో ముడిపెట్టే అమరికను విడిగా ఇస్తారు.

అన్నిటికన్నా పెద్దది భద్రత. ఎక్స్‌లో ఒకే తెర మీదున్న ప్రోగ్రాములు ఒకదాని మీటలను మరొకటి వినగలవు, ఒకదాని కిటికీని మరొకటి చూడగలవు. సాకెట్‌ను లోపలికి ఇవ్వడమంటే గోడ కట్టి, కిటికీ తెరిచి ఉంచినట్టే. క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ 2008లో మొదలుపెట్టిన వేలాండ్ పద్ధతి 2012లో 1.0 కూర్పుకు చేరింది. ఇందులో ఏ ప్రోగ్రాముకు దాని కిటికీయే కనిపిస్తుంది, దాని మీటలే వినిపిస్తాయి. కంటైనర్‌కు సాకెట్ ఇచ్చినా ముప్పు చాలావరకు తగ్గింది.

రెండర్ నోడ్లు

గ్రాఫిక్స్ కార్డును నేరుగా అందుకునే డీఆర్ఐ ఏర్పాటు 2000లో ఎక్స్‌ఫ్రీ86 4.0తో వచ్చింది. కార్డు మెమొరీని నిర్వహించే జెమ్ 2008 చివర్లో 2.6.28 కెర్నెల్‌లోనూ, తెర కొలతలను కెర్నెలే అమర్చే పద్ధతి 2009లో 2.6.29లోనూ చేరాయి. అప్పటికి కార్డుకు ‘కార్డ్0’ అనే ఒక్క ప్రధాన ఫైలే ఉండేది. తెర అమరికలు మార్చే అధికారం, బొమ్మ గీసే అధికారం రెండూ దానిలోనే కలిసి ఉండేవి. బొమ్మ గీయాలనుకున్న ప్రతి ప్రోగ్రామూ ఎక్స్ సర్వర్ దగ్గర గుర్తింపు పొందాలి. ఆపైన జెమ్ మెమొరీని పంచుకోవడానికి వాడే పేర్లు చిన్న సంఖ్యలు కావడంతో, గుర్తింపు పొందిన ఒక ప్రోగ్రాము ఇంకొకదాని సంఖ్యను ఊహించి దాని బొమ్మను చదవగలిగేది.

ఈ రెండు అధికారాలనూ విడదీసింది రెండర్ నోడ్. 2013లో 3.12 కెర్నెల్‌లో ప్రయోగాత్మకంగా వచ్చి, 2014లో 3.17 నుంచి మామూలు అమరిక అయింది. ‘రెండర్‌డీ128’ అనే ఈ రెండో ఫైలు ద్వారా లెక్కలు చేయించుకోవచ్చు, బొమ్మలు గీయించుకోవచ్చు. తెర అమరికలను ముట్టుకోవడం మాత్రం కుదరదు. మెమొరీని సంఖ్యలతో పంచుకోనివ్వదు, ఫైల్ డిస్క్రిప్టర్‌ను స్వయంగా చేతికిస్తేనే మరొకరికి అందుతుంది. కంటైనర్లకు కావలసిన చిన్న తలుపు ఇదే. ఇంటెల్, ఏఎండీ కార్డులున్న యంత్రంలో ఈ ఒక్క ఫైలునూ లోపలికి ఇచ్చి, లోపలి వాడకందారుకు ‘రెండర్’ సమూహంలో చోటిచ్చి, మెసా లైబ్రరీని స్థాపిస్తే చాలు. కెర్నెల్‌కూ మెసాకూ మధ్య ఒప్పందం స్థిరంగా ఉంటుంది కాబట్టి బయట ఒక కూర్పు, లోపల వేరే కూర్పు ఉన్నా సాధారణంగా పని జరుగుతుంది.

ఎన్విడియా చిక్కు

ఎన్విడియా సొంత డ్రైవర్‌కు ఆ వెసులుబాటు లేదు. కెర్నెల్ సగం, లైబ్రరీ సగం ఒకే కూర్పు సంఖ్యవి కావాలి. బయట డ్రైవర్ నవీకరణ జరిగిన మర్నాడు కంటైనర్‌లో డెస్క్‌టాప్ లేవదు. లైబ్రరీలను కంటైనర్‌లో నిల్వ ఉంచకుండా, అది మొదలయ్యే క్షణంలో బయటి నుంచి తెచ్చి తగిలించడమే పరిష్కారమైంది. 2016లో ఎన్విడియా డాకర్ ఈ పని చేసింది. 2019లో డాకర్ 19.03 గ్రాఫిక్స్ కార్డును కోరే ఐచ్ఛికాన్ని తనలోనే చేర్చుకుంది. ఎల్ఎక్స్‌డీ కూడా ఎన్విడియా సాధనాన్నే లోలోపల వాడుకుంది.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఈ సాధనం మామూలుగా లెక్కల లైబ్రరీలనే లోపలికి పంపుతుంది. ‘కుడా’ (CUDA) పద్ధతిలో లెక్కలు పరుగెడుతుంటాయి గానీ ఓపెన్‌జీఎల్ కిటికీ తెరుచుకోదు. ‘గ్రాఫిక్స్’, ‘డిస్‌ప్లే’ సామర్థ్యాలను పేరుపెట్టి అడగాలి.

తెర లేని యంత్రంలో డెస్క్‌టాప్

సర్వర్ ఒకచోట, వాడేవారు మరొకచోట ఉన్నప్పుడు డెస్క్‌టాప్ మొత్తం కంటైనర్‌లో నడిచి, దాని బొమ్మ నెట్‌వర్క్ మీద వస్తుంది. వీఎన్‌సీ ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నా దాని ఎక్స్ సర్వర్‌కు గ్రాఫిక్స్ కార్డుతో సంబంధం ఉండేది కాదు. చమురు నిక్షేపాలను అన్వేషించే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ల్యాండ్‌మార్క్ గ్రాఫిక్స్ సంస్థలో పుట్టిన వర్చువల్‌జీఎల్ ఈ లోటు తీర్చింది. ప్రోగ్రాము ఇచ్చే ఓపెన్‌జీఎల్ ఆదేశాలను దారిలోనే పట్టుకుని కార్డుకు పంపి, తయారైన బొమ్మను తిరిగి వీఎన్‌సీ తెర మీద ఉంచుతుంది. మొదట్లో దీనికి కార్డు మీద నడిచే మరో ఎక్స్ సర్వర్ అవసరమయ్యేది. 2021 నాటి 3.0 కూర్పు ఈజీఎల్ పద్ధతితో నేరుగా పరికర ఫైలునే వాడుకోవడంతో కంటైనర్లలో అమరిక తేలికైంది. సెల్కీస్ వంటి ప్రాజెక్టులు తెర బొమ్మను కార్డులోని వీడియో ఎన్‌కోడర్‌తోనే కుదించి, వెబ్ఆర్‌టీసీ ద్వారా బ్రౌజరుకు పంపుతాయి.

రోజువారీ వాడకంలోకి

కంటైనర్ అన్న పేరు వినకుండానే ఈ పద్ధతిని వాడేవారు ఇప్పుడు చాలామంది. అలెగ్జాండర్ లార్సన్ రూపొందించిన ‘ఎక్స్‌డీజీ యాప్’ 2016లో ఫ్లాట్‌ప్యాక్ అయింది. ఒక్కో ప్రోగ్రామునూ విడి గదిలో నడుపుతూ, ఎన్విడియా కార్డుంటే బయటి డ్రైవర్ కూర్పుకు సరిపడే లైబ్రరీని అదనపు ముక్కగా దించుకుంటుంది. స్టీమ్ ఆటల వేదిక 2020 నుంచి ప్రోటాన్ ద్వారా ఆడే విండోస్ ఆటలను కంటైనర్‌లోనే నడుపుతోంది. 2018లో గూగుల్ ప్రకటించిన క్రోమ్‌బుక్ లైనక్స్ సదుపాయంలో ఎల్ఎక్స్‌డీ కంటైనర్ ఒక వర్చువల్ యంత్రం లోపల ఉంటుంది. ఆండ్రాయిడ్‌ను ఎల్ఎక్స్‌సీ కంటైనర్‌లో పెట్టి వేలాండ్ తెర మీద చూపే వేడ్రాయిడ్ 2021లో వచ్చింది.

క్రోమ్‌బుక్‌లో అదనంగా వర్చువల్ యంత్రం ఎందుకంటే, రెండర్ నోడ్ ఎంత చిన్న తలుపైనా దాని అవతల ఉన్నది అందరి కెర్నెలే. గ్రాఫిక్స్ డ్రైవర్లు కెర్నెల్‌లోని పెద్ద భాగాల్లో ఒకటి. అందులో లోపం దొరికితే కంటైనర్ గోడ అడ్డురాదు. నమ్మకం లేని ప్రోగ్రాములకు వర్చువల్ యంత్రమే భద్రమైన దారి, వేగంలో కొంత కోత పడుతుంది.

కంటైనర్‌లో తెలుగు

మూడు అడ్డంకులూ దాటాక తెలుగు వాడకందారుకు ఇంకో రెండు ఎదురవుతాయి. కంటైనర్ బింబాలను చిన్నవిగా ఉంచడానికి ఖతులను, స్థానిక భాషా అమరికలను ముందే తీసేస్తారు. ఉదాహరణకు కామారెడ్డి జిల్లా పటాన్ని అలాంటి కంటైనర్‌లోని క్యూజీఐఎస్ అనే పటాల ప్రోగ్రాములో తెరిచి ఊళ్ల పేర్లు తెలుగులో చూపమంటే, గీతలూ రంగులూ సరిగ్గా వస్తాయి, పేర్ల చోట ఖాళీ గళ్లు వస్తాయి. ‘ఎల్లారెడ్డి’ అన్న ఊరి పేరు కంటికి నాలుగు అక్షరాలే. యూనికోడ్‌లో అది పదకొండు సంకేతాలు: అచ్చు, హల్లులు, గుణింతపు గుర్తులు, రెండు పొల్లులు విడివిడిగా ఉంటాయి. ‘కామారెడ్డి’ పది. వాటిని కలిపి ఒత్తులతో అక్షరాలుగా కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది, కానీ దానికి తెలుగు ఖతి కావాలి. బయటి యంత్రంలో ఎన్ని ఖతులున్నా కంటైనర్ తన సంచయంలోనే వెతుకుతుంది. డెబియన్, ఉబుంటు కంటైనర్లలో పోతన, వేమన ఖతులున్న తెలుగు ప్యాకేజీనో, లోహిత్ తెలుగునో లోపల స్థాపిస్తే పేర్లు వెంటనే సరిపడతాయి. ఫ్లాట్‌ప్యాక్ మాత్రం బయటి ఖతులను తానే లోపలికి చూపుతుంది.

రెండోది టైపు చేయడం. ఇన్‌స్క్రిప్ట్ వంటి తెలుగు కీబోర్డు అమరికలను అందించే ఐబస్ బయట నడుస్తూ, ప్రోగ్రాములతో డీబస్ ద్వారా మాట్లాడుతుంది. ఆ దారి లోపలికి లేకపోతే మీట నొక్కితే ఆంగ్ల అక్షరాలే పడతాయి. డెస్క్‌టాప్ మొత్తం కంటైనర్‌లోనే ఉంటే ఐబస్‌నూ లోపలే స్థాపిస్తారు. ఒక్క ప్రోగ్రామే లోపల ఉంటే బయటి డీబస్ సాకెట్‌ను తగిలిస్తారు. స్వేచ్ఛ వంటి తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యమాలు 2005 నుంచి లైనక్స్ డెస్క్‌టాప్‌ను తెలుగులోకి తెచ్చే పని చేస్తూ వచ్చాయి. ఆ అనువాదాలు కంటైనర్‌లోనూ కనిపించాలంటే తెలుగు లొకేల్‌ను తయారుచేసి, భాషా ప్యాకేజీలను లోపల స్థాపించుకోవాలి.