తాళము తప్పిన సింఫనీ

వాల్ట్ డిస్నీ సంస్థ 1929 మొదలు 1939 వరకు వెలువరించిన 'సిల్లీ సింఫనీ' లఘుచిత్రములు 75. వీనిలో సంగీతము ముందు నడచును; బొమ్మల ఆట దాని ననుసరించును. 1933లో బర్ట్ జిలెట్ దర్శకత్వమున వచ్చిన 'త్రీ లిటిల్ పిగ్స్'లో మూడు పందిపిల్లల రూపములు దాదాపు ఒక్కటే. అయినను సోమరి యెవడో, కష్టజీవి యెవడో చేష్టలను బట్టియే తెలియును.

1935లో డిస్నీ తానే దర్శకుడై 'ది గోల్డెన్ టచ్' తీసెను. ముట్టినదెల్ల బంగారమగు వరము పొందిన మైడాస్ రాజు కథ యది. నార్మ్ ఫెర్గూసన్, ఫ్రెడ్ మూర్ వంటి మేటి చిత్రకారులు పనిచేసినను చిత్రము రక్తి కట్టలేదు.

మాకు తోచు కారణములు రెండు. రాజు తన లోభమును తానే పాడి, తానే పలికి చెప్పుకొనును. చేష్టకు మిగిలిన పని స్వల్పము. రెండవది ముఖ్యమైనది. 1851లో హాథార్న్ ఈ కథను తిరిగి చెప్పినపుడు రాజు కన్నకూతురే పసిడిబొమ్మ యగును. చిత్రమున ఆ కూతురు లేదు. రాజునకు దూరమగునది భోజనమే. కడకు హాంబర్గరు కొరకు సర్వస్వము నిచ్చివేయును. అట్టి లోభిని చూచి నవ్వుదుము గాని, వానికై దిగులుపడము.

ఆపై డిస్నీ లఘుచిత్రములకు దర్శకత్వము వహింపలేదు. 1937 నాటి 'స్నో వైట్'కు డేవిడ్ హ్యాండ్ ప్రధాన దర్శకుడు. ఇతరుల పనిలో లోపమును పట్టి దిద్దించుట డిస్నీ ప్రతిభ. 'ది గోల్డెన్ టచ్'కు అట్టి దిద్దుబాటు కొరవడినదని మా అభిప్రాయము.