క్షారకర్మాగారములును పొలముల మొఱయును

పైరు వాడినచో రైతు మొదట ఆకాశమువంక చూచును, పిదప కాలువవంక చూచును. పంతొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమందలి లాంకషైరు రైతులు మాత్రము కర్మాగారపు పొగగొట్టమువంక చూడవలసివచ్చెను. తమ వలన ప్రకృతికి కలిగిన హానిని లోకము ప్రశ్నించినపుడు వర్తకులెట్లు నడచుకొందురో ఆ కథ వలన తేటపడును.

సబ్బునకును గాజునకును సోడాక్షారము కావలయును. దానిని ఉప్పునుండి తీయు మార్గమును ఫ్రాన్సు దేశీయుడగు లెబ్లాంకు కనుగొని 1791లో హక్కుపత్రము పొందెను. ఆ పద్ధతిలో ఉప్పును గంధకామ్లముతో కాచునపుడు హైడ్రోక్లోరికామ్ల వాయువు వెలువడును. అది తేమతో కలిసి ఆకులను మాడ్చును, ఇనుమును తినివేయును. సెయింటు హెలెన్సు, విడ్నెసు పట్టణముల చుట్టును చెట్లు మోడులయ్యెను.

యజమానులు మొదట చేసిన పని పొగగొట్టమును ఎత్తుగా కట్టుట. దానివలన వాయువు తగ్గలేదు. దగ్గఱి పొలమునకు బదులు దూరపు పొలముపై పడెను. రైతులు న్యాయస్థానమున కెక్కిరి. కర్మాగారములు పెక్కైన చోట, నా పైరును చంపినది ఫలానివాని పొగయే యని నిరూపించుట దుస్సాధ్యమయ్యెను.

విరుగుడు లేకపోలేదు. 1836లోనే విలియం గాసేజి యను క్షారవర్తకుడు, గోపురములో వాయువును పైకి పోనిచ్చి, పైనుండి నీరు జార్చి, ఆమ్లమును నీట కరగించు ఉపాయమును కనిపెట్టెను. అయినను అందఱును దానిని చేపట్టలేదు. చేపట్టినవారిలో పలువురు ఆ ఆమ్లజలమును ఏటిలోనికి వదలిరి. గాలికి తప్పిన కీడు నీటికి చుట్టుకొనెను.

1862లో డెర్బీ ప్రభువు పూనికతో ప్రభువుల సభ విచారణసంఘమును నియమించెను. మఱుసటియేట క్షారశాసనము పుట్టెను. వాయువులో నూటికి 95 పాళ్లు పట్టితీరవలయునని దాని విధి. రాబర్టు ఆంగస్ స్మిత్తను రసాయనశాస్త్రజ్ఞుడు తొలి తనిఖీదారుడయ్యెను. ఆయన దండనకన్న హితోపదేశమునే ఎక్కువగా నమ్మెను; కాని కొలత లేక ఎవరి మాటయు నమ్మలేదు. కర్మాగారములు పెరిగిన కొలది మిగిలిన 5 పాళ్లును పెద్దమొత్తమయ్యెను. కావున 1874లో శాసనము మఱింత బిగింపబడెను.

అంతట వింత జరిగెను. పట్టి యుంచిన ఆమ్లమును ఏమి చేయవలయునని యోచింపగా, వెల్డను, డీకను అనువారి పద్ధతులచే దానినుండి క్లోరిను తీసి, బట్టలకును కాగితమునకును తెల్లదనము నిచ్చు చలువపొడి చేయుట సాగెను. పిమ్మట బెల్జియము దేశపు సాల్వే పద్ధతి వచ్చి సోడా వెల పడిపోగా, పాత కర్మాగారములను పెక్కేండ్లు నిలబెట్టినది ఆ చలువపొడియే. పాఱవేసినదే ప్రాణము పోసెను!

నేడు బొగ్గుపులుసుగాలి భూమి నంతటిని వేడెక్కించుచున్నది. అది రంగు లేనిది, వాసన లేనిది. ఏ యూరి పొగ ఏ యూరి పైరును చెఱచెనో చూపుట మఱింత కష్టము. దానిని తగ్గించెదమని నేటి పెద్ద సంస్థలు మాట యిచ్చుచున్నవి. ఆ మాటను తోసిపుచ్చనక్కఱలేదు, ఊరక నమ్మనక్కఱయు లేదు. మూడు ప్రశ్నలు వేయుడు: ఎంత తగ్గినది? కొలిచిన వాడెవడు? తగ్గినదా, లేక పొరుగుపొలమునకు పోయినదా? లాంకషైరు రైతులకు ఈ ప్రశ్నలకు ఉత్తరము దొరకుటకు ఒక తరము పట్టెను. మనము అంతకాలము ఊరకుండరాదు.